సోములు గుండు

ఆమదాలవలసలో రైలుగేటు దాటి పాలకొండ రోడ్డు పట్టుకుంటే ఎడమచేతి వైపు ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. ముందు సగం చేసిన గేట్లు, ఇరుసు విరిగిన ట్రాక్టరు తొట్టి, రైసుమిల్లు వాళ్లు బాగుచేయమని పడేసి వెళ్లిన గొట్టాలు. ఆ షెడ్డు సోములుది. ఇనుము అతకడం సోములు పని. బావని చూసి ఏడవడం సోములు వ్యాపకం. పనికైనా ఆదివారం సెలవుంది గానీ వ్యాపకానికి ఏనాడూ లేదు.

ఆ బావ పేరు గిరిబాబు. ఇద్దరిదీ కుండమార్పిడి. సోములు చెల్లెలు శైలజని గిరికి ఇచ్చారు, గిరి చెల్లెలు పద్మకుమారిని సోములుకి చేసుకున్నారు. ఒకటే పందిరి, ఒకటే ముహూర్తం, ఒకటే మేళం. ఖర్చు కలిసొచ్చిందని పెద్దవాళ్లు మురిసిపోయారు. ఆ పందిట్లోనే ఎవరికీ కనపడని తక్కెడ ఒకటి వేలాడదీసి వెళ్లారని మాత్రం వాళ్లకి తోచలేదు. ఆ ఇంట్లో పిల్లకి గాజులు చేయిస్తే ఈ ఇంట్లో పిల్ల చేతులు బోసిగా కనిపిస్తాయి. ఈ ఇంట్లో మాట పెళుసుగా వస్తే ఆ ఇంట్లో ముఖాలు మాడిపోతాయి. వేరేవాళ్లయితే బావ బాగుపడ్డాడని నాలుగు రోజులు ఏడిచి ఊరుకుంటారు. సోములుకి ఆ ఏడుపు ఏడిచే సుఖం కూడా లేదు. బావ బాగుపడితే చెల్లెలు బాగుపడినట్టేగా అని ఊరంతా వచ్చి అతన్నే అభినందించేది.

ఇద్దరూ ఒకే ఐటీఐలో వెల్డింగు నేర్చుకున్నారు. ఇద్దరూ కలిసే గాజువాక వెళ్లి గల్ఫు కంపెనీ పరీక్షకి నిలబడ్డారు. ఆ పరీక్ష కాగితం మీద రాసేది కాదు. రెండు గొట్టం ముక్కల్ని వాలుగా బిగించి పెడతారు. వాటిని కదపకూడదు, తిప్పకూడదు. మనిషే వాటి చుట్టూ వంగుతూ లేస్తూ అతకాలి. తర్వాత ఆ అతుకుని మనిషి ఛాతీకి తీసినట్టు ఎక్స్‌రే తీస్తారు. గిరి అతుకు కడిగిన ముత్యంలా వచ్చింది. సోములు అతుకులో ఆవగింజంత గాలిబుడగ కనిపించింది.

ఆ బుడగ ఎలా వచ్చిందో సోములుకి తెలుసు. రాడ్డు మార్చుకునేటప్పుడు, పక్కన గిరిది ఎంతవరకు వచ్చిందోనని తల తిప్పి చూశాడు. చూసి మళ్లీ మొదలుపెట్టేసరికి ఇనుము చల్లారిపోయింది. పైకి మాత్రం కరెంటు తగ్గిందని చెప్పుకున్నాడు. ఇప్పటికీ అదే చెబుతాడు.

గిరి వెళ్లి ఎడారి అంచున, సముద్రం ఒడ్డున ఉన్న గ్యాసు ప్లాంటులో చేరాడు. అక్కడ భూమిలోంచి తోడిన గ్యాసుని విపరీతంగా చల్లబరిచి నీళ్లలా మార్చి ఓడల్లో నింపి దేశదేశాలకీ పంపుతారు. ఆ గ్యాసు నడిచే గొట్టాలు అతికేవాడు గిరి. సోములు ఇక్కడ గేట్లు అతుకుతూ ఉండిపోయాడు. గిరి ఇంటి బాధ్యతలు కూడా సోములు మీదే పడ్డాయి. శైలజ పిల్లల్ని బడిలో వేయడం, గిరి తల్లికి కళ్లాపరేషన్ చేయించడం, ఇల్లు కట్టేటప్పుడు ఇసుక దగ్గర కాపలా ఉండటం, అన్నీ అతనే చూశాడు. లోపల మండుతూ చూశాడు గానీ ఒక్కటీ తప్పకుండా చూశాడు.

గిరి మేడ కట్టాడు. మెట్లకి స్టీలు రెయిలింగు సోములే చేయాల్సి వచ్చింది. బావ ఇంటికి బయటివాణ్ణి పిలిస్తే నలుగురూ నవ్వరూ? చెల్లెలి ఇల్లని శ్రద్ధగా చేశాడు, బావ ఇల్లని పళ్లు నూరుకుంటూ చేశాడు. గిరి సెలవుకి వచ్చినప్పుడు మెట్లెక్కుతూ వేలి ఉంగరంతో ఒక్కో అతుకు మీద టకటకా కొట్టుకుంటూ వెళ్లాడు. ఒకచోట ఆగి చెవి పెట్టాడు.

“బావా, ఇక్కడ ఏటో కొంచెం బోలుగా ఇనిపిస్తన్నాది,” అన్నాడు.

చెడ్డ ఉద్దేశంతో అన్నది కాదు, ప్లాంటులో పడ్డ అలవాటు. కానీ కింద వరండాలో చుట్టాలున్నారు, పద్మకుమారి ఉంది. సోములుకి అరికాలి మంట నెత్తికెక్కింది. బోలు నీ బుర్రలో ఉంది అనబోయి, “రేపొచ్చి సూస్తాన్లే బావా,” అన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు.

ఇలా కుళ్లుతూ కాలం గడుపుతున్న సోములుకి ఒక ఏడాది చీకట్లో దీపం కనిపించింది. ప్రపంచంలో ముడిచమురు ధర ఉన్నట్టుండి సగానికి సగం పడిపోయింది. అమెరికాలో రాతిపొరల్ని పగలగొట్టి చమురు తీస్తున్నారట. గల్ఫు దేశాలు మేమూ తగ్గించం అని పంతం పట్టాయట. సరుకు ఎక్కువైపోయి కొనేవాడు కరువయ్యాడు. కట్టబోయే ప్లాంట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. గిరి కాంట్రాక్టు మధ్యలో తెగింది. వచ్చి కొన్ని నెలలు ఖాళీగా కూర్చున్నాడు. ఆ నెలల్లో సోములుకి అన్నం సయించింది. రోజూ మారు అడిగి మరీ వడ్డించుకున్నాడు.

బావ జాతకం ఏ సిద్ధాంతి దగ్గరా లేదు, బ్యారెల్ ధరలో ఉంది అని అప్పుడు అర్థమైంది అతనికి. వెంటనే ఫోనులో ధర చూపించే యాప్ పెట్టుకున్నాడు. పొద్దున్న లేవగానే జనం దేవుడి పటం చూస్తారు, ఇతను చమురు ధర చూసేవాడు. ధర తగ్గిన రోజు షెడ్డులో ఈల వేసేవాడు. పెరిగిన రోజు సుత్తి దెబ్బలు గట్టిగా పడేవి. పెట్రోలు బంకులో పనిచేసే వెంకీ అతనికి బ్యారెల్ సోములు అని పేరు పెట్టాడు. ఎక్కడో ఏ దేశంలో తుపాకీ పేలినా ఆ జంక్షన్‌లో జనం, ఇప్పుడు రేటు ఏమవుతుందని సోములునే అడిగేవారు. సగం సార్లు అతను చెప్పిందే జరిగేది కూడా.

కరోనా ఏడాది చమురుని తీసుకుపోతే ఎదురు డబ్బిస్తామనే దాకా వచ్చింది. గిరి మళ్లీ ఇంటికొచ్చాడు. కానీ సోములు షెడ్డు కూడా మూతపడింది. ఇద్దరూ మూలకూర్చుంటే అందులో సంతోషం ఏముంటుంది? ఆ తర్వాత రష్యా వెళ్లి ఉక్రెయిన్ మీద పడింది. యూరపు దేశాలకి గొట్టాల్లో వచ్చే గ్యాసు ఆగిపోయింది. చలికాలం ముంచుకొస్తోందని వాళ్లంతా ఓడల గ్యాసు మీద ఎగబడ్డారు. గిరి ప్లాంటు రెట్టింపు పెంచడం మొదలుపెట్టారు. అనుభవం ఉన్నవాడని గిరిని మళ్లీ పిలిచి ఫోర్‌మన్ చేశారు. అదే యుద్ధానికి ఇక్కడ సోములుకి ఇనుము ధర పెరిగింది, రాడ్ల ధర పెరిగింది, డీజిలు పెరిగింది, గేట్లు చేయించుకునేవాళ్లు వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. ఎవరిదో కొంప కాలితే పొగ నా కళ్లలోకి, వెలుగు బావ మేడ మీదకి అని సోములు మొత్తుకున్నాడు. మొత్తుకుంది మనసులోనే.

ఆ కడుపుమంటతోనే పోయిన కార్తీకమాసంలో రెండు కుటుంబాలూ శ్రీముఖలింగం వెళ్లాయి. గిరి రాలేదు గానీ అభిషేకానికి డబ్బు పంపాడు. పూజారి ముందు గిరి గోత్రం చదివి, గిరి పేరు చదివి, చివర్లో “మీ పేరేమిటి నాయనా” అని సోములుని అడిగాడు. సోములుకి ఒళ్లు మండిపోయింది. స్వామి ముఖంలోకి చూస్తూ మొక్కుకున్నాడు. స్వామీ, మా ఇద్దరినీ సమానం చెయ్యి. చేస్తే తలనీలాలు ఇచ్చుకుంటాను.

సమానం చేయడానికి రెండు దారులున్నాయి. సోములుని పైకెత్తడం ఒకటి, గిరిని కిందికి దించడం ఒకటి. ఏదైనా పర్లేదని స్వామికే వదిలేశాడు. కానీ బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే అనుమానం వచ్చింది. ఎందుకైనా మంచిదని గోపురం వైపు తిరిగి, బావ ఉద్యోగం పోతే చాలు స్వామీ అని తేల్చి చెప్పాడు.

చలికాలం వెళ్లగానే గల్ఫులో యుద్ధం వచ్చింది. ఓడలన్నీ బయటికి రావడానికి ఉన్న సన్నటి సముద్రపు దారి, హోర్ముజ్ అంటారు, అది మూసుకుపోయింది. సోములు ఫోను తీశాడు. ధర నిచ్చెన ఎక్కినట్టు ఎక్కుతోంది. ఇన్నేళ్ల లెక్క ప్రకారం ధర పెరిగితే బావ పెరుగుతాడు, తగ్గితే తగ్గుతాడు. ఒకటి అడిగితే ఇంకోటి చేశావేంటి స్వామీ అని బాధపడ్డాడు. బావని ఈసారి ఇంకెంత పెద్ద కుర్చీలో కూర్చోబెడతారో ఊహించుకుని మధ్యాహ్నం అన్నం మానేశాడు.

ఊళ్లో గ్యాసు బండలకి వరస మొదలైంది. హోటళ్లలో అట్లు మానేసి ఇడ్లీ ఒక్కటే పెడుతున్నారు. యూరియా వస్తుందో రాదోనని రైతులు గుబులుపడుతున్నారు. సోములు ఇవేవీ పట్టించుకోలేదు. అప్పుడు గిరి ఫోను చేశాడు.

“బావా, ఓడలు రాడం లేదు,” అన్నాడు గిరి. గొంతు పీలగా ఉంది. “తీసిన గ్యాసు ట్యాంకుల్లో నిండిపోనాది. పొయ్యడానికి సోటు లేదు. అందుకే ప్లాంటు ఆపీసినారు. కాంట్రాక్టోళ్లకి ఇంక పని లేదని సెప్పీసినారు. ఇమానాలు తిరిగితే ఇంటికి పంపుతారట. అందాకా గదిలోనే ఉన్నాం.”

ధర ఆకాశంలో, సరుకు ట్యాంకులో, బావ గదిలో. సోములుకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాడు, నవ్వు బయటికి వినిపిస్తుందేమోనని. సరుకు కదిలితేనే కదా ధరకి విలువ! అమ్మలేని సరుకు ఉన్నవాడికి ధర పెరిగితే ఏం, తగ్గితే ఏం?

“అయ్యో బావా, ఎంత పని జరిగింది,” అన్నాడు. ఆ మాటలో లోపం వెతకాలంటే ఎక్స్‌రే కావాలి. ఫోను పెట్టేసి కంచం ముందు కూర్చున్నాడు. పద్మకుమారి చేత రెండుసార్లు మారు వడ్డించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బండి మీద ముఖలింగం వెళ్లాడు. వంశధారలో మునిగి, తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టి వచ్చాడు. మొక్కు బాకీ ఉంచుకోకూడదు కదా. “ఏదో పాత మొక్కు,” అన్నాడు భార్యతో. నున్నటి తల మీద గాలి తగులుతుంటే, బరువంతా దిగిపోయినట్టు హాయిగా అనిపించింది.

ఆ హాయి రెండు పూటలు కూడా నిలవలేదు. గిరి ఉన్న వైపే క్షిపణులు పడుతున్నాయని టీవీలో వచ్చింది. గిరి ఫోను పలకడం మానేసింది. శైలజ జుట్టయినా ముడుచుకోకుండా షెడ్డులోకి పరిగెత్తుకొచ్చింది. సోములు ముఖానికి అడ్డం పెట్టుకున్న నల్లద్దం తీసేసరికి ఆమెకి గుండు కనిపించింది.

“అన్నియ్యా,” అంది. “మీ బావ కోసం మొక్కుకున్నావేటి?”

సోములు కాదని చెప్పడానికే నోరు తెరిచాడు. “ఏటీ అవదులే అమ్మా,” అని వచ్చింది నోట్లోంచి. శైలజ ఆ ఇనుప పొడిలోనే కూలబడి అన్న కాళ్లు పట్టుకుంది.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. బావ ప్రాణం కోసం గుండు చేయించుకున్న బావమరిది! వెంకీ బ్యారెల్ అనడం మానేసి సోములన్నా అన్నాడు. టీ కొట్టులో డబ్బు తీసుకోలేదు. టీవీవాళ్లు వచ్చి శైలజతో మాట్లాడారు, గిరి ఫొటో చూపించారు, గిరి మేడ చూపించారు, ఆ రెయిలింగు కూడా చూపించారు గానీ అది ఎవరు చేశారో చెప్పలేదు. సోములుకి అంత గుబులులోనూ చురుక్కుమంది. బాంబుల కింద ఉండి కూడా పేరు ఆయనకే! ఆ వెంటనే తన మీద తనకే రోత పుట్టింది. అడిగింది ఉద్యోగం మాత్రమే. స్వామి లెక్క పొరబడి మనిషినే తీసుకుంటే? తీసుకుంటే తెగేది ఎవరి తాళి? ఇన్నేళ్లుగా తక్కెడలో బావ వైపు పళ్లెం దిగాలని చూశాడు గానీ, ఆ పళ్లెంలో కూర్చుంది తన చెల్లెలే అన్న సంగతి ఇప్పుడు గుండెకి తగిలింది.

పద్మకుమారి మాత్రం అందరిలా మురిసిపోలేదు. నలుగురిలో మొగుణ్ణి మీరు అంటుంది, ఇంట్లో నువ్వు అంటుంది. మర్నాడు మధ్యాహ్నం కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది.

“ఒక మాట అడుగుతాను. మొక్కు తీరినాక కదా జుత్తు ఇస్తారు?”

“ఔను.”

“మా అన్న ఇంకా రాలేదు. వస్తాడో రాడో ఎవులికీ తెల్దు. ఆడు ఇల్లు సేరాలని మొక్కితే నీ తల మీద జుత్తు ఇంకా ఉండాల. మరి ఏ మొక్కు తీరిపోనాదని ఇచ్చీసినావు?”

సోములు కలిపిన ముద్దనే మళ్లీ కలపసాగాడు.

“ఉజ్జోగం పోనాదని ఫోన్ సేసిన మర్నాడే ఎల్లినావు,” అంది పద్మకుమారి. అరవలేదు. “ఊరోళ్లకి గుండు కనిపించింది. నాకు రోజు కూడా కనిపించింది.”

“పద్మా…”

“ఆడు నా అన్న. ఆడి పెళ్లాం నీ సెల్లి.” కళ్లు తుడుచుకుని లేచింది. “ఎల్లి ఇంకో మొక్కు మొక్కు. ఈసారి నా ఎదుట మొక్కు.”

“ఇయ్యడానికి ఏటుంది? జుత్తు అయిపోనాది.”

ఆమె గూట్లో ఉన్న ఫోను వైపు చూపించింది. “నీకు దానికన్నా ఇష్టమైంది ఏటుంది? మా అన్న పెరిగినాడా, తగ్గినాడా అని అందులోనే కదా సూస్తావు. అది వదిలీ.”

సోములు దేవుడి గూటి ముందు నిలబడి, బావ క్షేమంగా ఇల్లు చేరితే ఇంక ఈ జన్మలో చమురు ధర చూడనని, ఎవరినీ అడగనని, ఎవరు చెప్పినా విననని మొక్కుకున్నాడు. కాశీ వెళ్లినవాళ్లు ఇష్టమైన కాయ వదిలేసినట్టు వదిలేస్తానన్నాడు. ముందే వదిలితే స్వామికి ఇంకా గట్టిగా వినిపిస్తుందేమోనన్న ఆశతో పద్మకుమారి చూస్తుండగానే యాప్ తీసేశాడు. అప్పటినుంచి ఆమె అతనికి మారు వడ్డించడం మానేసింది. కంచంలో ఒక్కసారే అన్నీ పెట్టి అవతలికి వెళ్లిపోయేది. ఊరంతా దండాలు పెడుతున్న మనిషి, ఇంట్లో సగం కడుపుతో లేచేవాడు.

గిరి బతికే ఉన్నాడు. కొన్నాళ్లకి ఫోను పలికింది. ఎడారిలో బస్సులెక్కి పక్కదేశం చేరి, అక్కణ్ణుంచి విమానంలో వచ్చి, విశాఖలో రైలెక్కి, ఆమదాలవలసలోనే ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగాడు. దండలతో ఊరు ఊరంతా వచ్చింది. గిరి దండలన్నీ పక్కకి నెట్టి సోములుని వాటేసుకుని, అప్పుడే గరుకుదేలుతున్న ఆ గుండు మీద ముద్దు పెట్టుకుని భోరున ఏడ్చాడు. సోములుకీ కన్నీళ్లు వచ్చాయి. నిజం కన్నీళ్లే. తుడుచుకుని చూస్తే బావ చిక్కి ఉన్నాడు. చిక్కితే ఇంకా కుర్రాడిలా, అందంగా ఉన్నాడు. పాత మంట పొయ్యిలో మళ్లీ చిన్నగా రాజుకుంది.

“ఇంట్లో కూకోలేను బావా, నీ షెడ్డులో ఏటైనా పని ఇయ్యి,” అన్నాడు గిరి వారం తిరక్కుండా. సోములుకి స్వర్గం దిగొచ్చినట్టయింది. ఫోర్‌మన్ వచ్చి తన దగ్గర రాడ్లు అందిస్తాడు! స్వామి ఎంత సమానం చేశాడో! ఆ ఆనందం రైసుమిల్లు షావుకారు చంద్రశేఖరం వచ్చేదాకే. ఆయన మిల్లులో బోయిలరు గొట్టం కారుతోంది. “గిరిబాబు చేత చేయించవయ్యా సోములూ. గల్ఫు చెయ్యి,” అన్నాడు. ఆ అతుకు చూడటానికి పక్క మిల్లువాళ్లు వచ్చారు. తర్వాత అందరూ గిరిబాబు ఉన్నాడా అనే అడుగుతూ వచ్చారు. సోములు షెడ్డులో సోములు సుత్తి అందించేవాడయ్యాడు.

బావ మళ్లీ గల్ఫు వెళ్లిపోతే బాగుండును! ఆ దారి తెరుచుకుందా? ఓడలు కదిలాయా? ధర దిగుతోందా? ఫోను జేబులోనే ఉంది, చేతికి దురద. మొక్కు అడ్డం. టీ కొట్టులో టీవీలో వార్తలు రాగానే గ్లాసు వదిలేసి బయటికొచ్చేవాడు. వెంకీ బంకు దగ్గర ఏదో చెప్పబోతే చెవులు మూసుకున్నాడు. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువగా ఆ ధర తెలియాల్సిన మనిషి అతనే, తెలుసుకోకూడని మనిషీ అతనే.

ఒక ఆదివారం గిరి మేడ మీద రెండు కుటుంబాలూ భోజనానికి కూర్చున్నాయి. శైలజ, పద్మకుమారి వడ్డిస్తున్నారు. గిరి కంచంలో వేళ్లు ఆడిస్తూ అన్నాడు.

“ఏజెంటు ఫోన్ సేసినాడు బావా. ప్లాంటు మళ్లీ తెరుస్తారేమోనట. రిపేర్లు సానా ఉంటాయట. ఇప్పుడే పేరిస్తే ముందు పిలుస్తారట. లేకపోతే ఇక్కడే ఉండిపోయి ఇద్దరం కలిసి షెడ్డు పెద్దది సేద్దామని ఉన్నాది. ఈ చమురు సంగతి నీకు తెలిసినంత ఎవులికీ తెల్దు. నువ్వు ఎల్లమంటే ఎల్తాను. ఉండమంటే ఉంటాను. సెప్పు.”

సోములుకి ఇదే అదను. ఒక్క మాట చాలు. తెరుస్తారు, వెళ్లు అంటే బావ పెట్టె సర్దుకుంటాడు, షెడ్డు మళ్లీ తనదవుతుంది. ఆ మాట నాలుక చివరికొచ్చింది. తలుపు దగ్గర పద్మకుమారి గరిటె పట్టుకుని నిలబడి ఉంది. శైలజ మొగుడి వెనక నిలబడి అన్న నోటివైపే చూస్తోంది, ఆ నోట్లోంచి ఏం వచ్చినా వేదమే అన్నట్టు. క్షిపణులు పడే చోటికి ఈ మనిషిని మళ్లీ వెళ్లమని, ఏమీ తెలియకుండా తను చెప్పాలి.

“నాకు తెల్దు బావా,” అన్నాడు. “సూడ్డం మానీసినాను.”

“నువ్వా! ఎందుకు?”

“నువ్వు ఇల్లు సేరితే ఇంక సూడనని మొక్కుకున్నాను.”

గిరి కళ్లు తడిశాయి. శైలజకి మాత్రం ఏదో తట్టింది. అమాయకంగానే అడిగింది. “మరి గుండు దేనికన్నియ్యా?”

కింద వీధిలో గ్యాసు బండి హారను మోగించుకుంటూ పోయింది. సోములు కంచంలోకి చూస్తూ చెప్పాడు.

“మీ ఆయన ఉజ్జోగం పోవాలని.”

గిరికి పొలమారింది. దగ్గుతూ నవ్వాడు, నవ్వుతూ దగ్గాడు. శైలజ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుపోయింది.

“నిజం బావా,” అన్నాడు సోములు. “గోపురం వైపు తిరిగి మరీ మొక్కినాను. నీ మేడ సూసినా నాకు మంటే. నీ ఉంగరం సప్పుడు ఇన్నా మంటే.”

“సూసినావా వదినా, మా అన్నియ్య ఇంతే,” అంది శైలజ కళ్లు తుడుచుకుంటూ. “మంచి సేస్తే సెప్పుకోడు. పొగిడితే ఇలాగే ఏటో ఒకటి అనీస్తాడు.”

“అలాటోడివైతే ఇన్నేళ్లు నా పెళ్లాం పిల్లల్ని సూసుకుంటావేటి? మా అమ్మ కళ్లు బాగుసేయిస్తావేటి?” అన్నాడు గిరి. “ఆపు బావా, నవ్వలేకపోతన్నాను.”

సోములు తలెత్తి బావ ముఖంలోకి చూశాడు. అనుమానం ఎక్కడైనా కాస్త నిలిచిందేమోనని వెతికాడు. ఎక్కడా లేదు. ఆవగింజంత కూడా లేదు. మేడ చూసి, ఫోర్‌మన్ పదవి చూసి, దండలు చూసి ఇన్నేళ్లూ ఏడ్చిన ఏడుపంతా ఒక్కసారిగా చిన్నదైపోయింది. మనిషికి మనిషి మీద అలాంటి బుద్ధి పుడుతుందని చెప్పినా నమ్మలేని ఆ మనసు, అది గిరికి ఉంది, తనకి లేదు. అది గల్ఫులో దొరికింది కాదు. ఏ దారి మూసినా ఆగేది కాదు. ఏ మొక్కు మొక్కితే వస్తుందో కూడా తెలీదు. జన్మలో ఎప్పుడూ పడనంత అసూయ పడ్డాడు సోములు ఆ క్షణాన.

పద్మకుమారి ఒక్కర్తే నవ్వలేదు. తలుపు దగ్గరనుంచి నెమ్మదిగా వచ్చి అతని పక్కన వంగింది. ఖాళీ అయిపోయిన కంచంలో అన్నం మారు వేసి, దానిమీద గరిటెడు పప్పు పోసింది.

“తిను,” అంది.